మీకు తెలుసా? పాతింటికి రంగు వేయించే ముందు

కొత్తగా వేయించిన రంగు ఏడాది తిరక్కుండానే పొక్కులొచ్చి పొలుసులుగా రాలిపోతే కొందరు డబ్బాను తిట్టుకుంటారు, కొందరు పెయింటర్‌ను. పాత ఇళ్ల విషయంలో ఈ రెండు నిందలూ చాలాసార్లు తప్పే. రంగు పట్టుకోవాల్సింది గోడను. ఆ గోడ దేనితో కట్టారో, దానిలోకి నీళ్లు ఎటునుంచి చేరుతున్నాయో, చేరినవి ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా షేడ్ కార్డు తెరిచి కూర్చుంటే ఎంత ఖరీదైన రంగు కొన్నా అది నిలవదు. అందుకే ఈసారి రంగు గురించి తక్కువ, రంగుకు ముందు జరగాల్సిన పని గురించి ఎక్కువ.

మీ గోడ సున్నానిదా, సిమెంటుదా?

పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పేటెంటు తీసుకున్నది 1824లో. అది మన చిన్న ఊళ్ల దాకా వచ్చి మామూలు ఇంటి గోడ ఎక్కడానికి వందేళ్లకు పైనే పట్టింది. అంతకు ముందు కట్టిన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో, తెలంగాణ భవంతుల్లో, పాత మిషన్ బంగళాల్లో గోడలను పట్టి ఉంచింది మట్టి, కాకుంటే సున్నం. సున్నమూ ఇసుకా కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నూరేవారు. అదే డంగు సున్నం. కొన్నిచోట్ల కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కూడా పోసేవారు. 1591లో కట్టిన చార్మినార్ ఇలాంటి సున్నంతో నిలబడిందే.

మీ ఇంటిది ఏదో తేల్చుకోవడం కష్టం కాదు. రంగు పెచ్చు లేచిన చోట తాళంచెవితో గీయండి. తెల్లగానో మీగడ రంగులోనో మెత్తని పొడి రాలితే సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉండి గీత సరిగా పడకపోతే సిమెంటు. ఇక పైపూత సంగతి తెలియాలంటే చెంబుతో నీళ్లు చల్లి చూడండి. నీళ్లు వెంటనే ఇంకిపోయి గోడ రంగు ముదిరితే అది వెల్ల. నీళ్లు జారిపోతే ప్లాస్టిక్ రంగు. ఒకే ఇంట్లో రెండూ ఉండొచ్చు. ముందు వసారా తాతల నాటిది, వెనక వంటగది తర్వాత కలిపింది అయితే ఆ రెండు గోడలకూ ఒకే పద్ధతి పనికిరాదు.

చొక్కాకు అంటే వెల్ల

గోడకు ఆనుకుంటే వీపంతా తెల్లబడుతుంది చూశారా, దాని వెనక చిన్న రసాయన శాస్త్రం ఉంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే దానిలోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన సున్నంలో నీళ్లు పోస్తే బుసబుస పొంగి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూశాక గాలిలోంచి అదే కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి తీసుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. ఆ మార్పుకు తడి కావాలి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న గోడకు వెల్ల వేస్తే రాయి కాకముందే ఎండి పొడిగా మిగిలిపోతుంది. చొక్కాకు అంటేది ఆ పొడే. గోడను ముందు తడిపి, నీడ ఉన్నప్పుడు, పలుచగా రెండు మూడు పూతలు వేయాలన్న పాతవాళ్ల పద్ధతిలో అర్థం ఇదే. చిక్కగా ఒకే పూత లాగించేస్తే పగిలి రాలుతుంది.

పాత వెల్లగోడల మీద కనిపించే రంగులు కూడా కొన్నే ఎందుకో ఆలోచించారా? సున్నం గాఢమైన క్షారం. చాలా రంగులు దానిలో వెలిసిపోతాయి. ఎర్రమన్ను, పసుపుపచ్చ మన్ను ఇనుము ఉన్న ఖనిజాలు కాబట్టి తట్టుకుంటాయి. వెల్లలో కలిపే నీలం కూడా క్షారాన్ని తట్టుకునే రకమే. ఆ నీలం పని గోడను నీలంగా చేయడం కాదు. సున్నంలోని పసుపు ఛాయను కప్పి తెలుపును ఇంకా తెల్లగా చూపించడం.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. సున్నం నీళ్లు కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం పావుగంట కడగాలి, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పిల్లలు తిరిగే చోట నానబెట్టిన సున్నం తొట్టి మూత లేకుండా ఉంచకండి.

ఊపిరాడని గోడ

సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ ఆవిరిగా వదిలేస్తుంది. వానాకాలంలో చేరిన చెమ్మ ఎండలు రాగానే బయటికి పోతుంది. వందేళ్ల గోడ నిలబడింది ఈ రాకపోకల వల్లే. దాని మీద ఆవిరిని బయటికి పోనివ్వని దళసరి ప్లాస్టిక్ పొర వేస్తే, మండే ఎండలో రెయిన్‌కోటు తొడిగి మనిషిని నడిపించినట్టే. లోపలి తడి బయటికి దారి లేక రంగును వెనక నుంచి తోస్తుంది. ముందు పొక్కు, తర్వాత పొలుసు, ఆ తర్వాత రంగుతోపాటు సున్నపు పూత కూడా పెచ్చులుగా ఊడి వస్తుంది.

దెబ్బతిన్న సున్నపు పూతకు సిమెంటు మాటు వేస్తే జరిగేదీ ఇదే. సిమెంటు గట్టిది, తడిని సులువుగా పోనివ్వదు. తడి దాని చుట్టూ ఉన్న మెత్తని సున్నంలోంచి దారి వెతుక్కుంటుంది. రెండేళ్లకు మాటు భద్రంగా ఉంటుంది, దాని అంచుల వెంట గోడ రాలిపోతుంది. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ మొదలుపెట్టిన పునరుద్ధరణలో, అంతకు ముందు మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును చెక్కి తీసి మళ్లీ సున్నం పూశారు. రాజుల సమాధికైనా మన తాతగారి ఇంటికైనా గోడ స్వభావం ఒకటే. సున్నానికి సున్నంతోనే మాటు వేయాలి.

మరి సున్నపు గోడకు ఏం వేయాలి? వెల్ల అన్నిటికన్నా నమ్మకమైనది, చవకైనది. 1878లో జర్మనీలో ఆడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ పేటెంటు తీసుకున్న సిలికేట్ రంగుల జాతి ఒకటుంది. అవి గోడ మీద పొరలా కూర్చోకుండా గోడతోనే రసాయనికంగా కలిసిపోతాయి, ఆవిరిని ఆపవు. ఇప్పటికే ప్లాస్టిక్ రంగు ఉండి అది ఏ పొక్కూ లేకుండా గట్టిగా పట్టి ఉంటే మాత్రం పట్టుబట్టి మొత్తం గీకించకండి. గీకుడులో మంచి పూత కూడా పోతుంది. లేచిన చోట మాత్రమే తీసి, మిగతాది కనిపెట్టి ఉండండి.

నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

ఇదే అసలు పని. రంగుల పనికి వచ్చినవాళ్లు సాధారణంగా దీన్ని చూడరు, చూడమని మనమూ అడగం.

మరక ఆకారాన్ని బట్టి దారి తెలుస్తుంది. పైన వెడల్పుగా మొదలై కిందికి సన్నగిల్లే మరక అయితే నీళ్లు పైనుంచి వస్తున్నట్టు. పిట్టగోడ నెత్తి పగిలిందేమో, డాబా మీది తూము దగ్గర సందుందేమో చూడాలి. గోడ మధ్యలో ఒకేచోట గుండ్రంగా ఉంటే అవతలివైపు స్నానాల గది గొట్టం అనుమానించాలి. ఏసీ నీళ్ల గొట్టం గోడ మీదికే వదిలేసినా అంతే. ఇక నేల నుంచి మోకాలి ఎత్తు వరకో నడుము ఎత్తు వరకో గోడ పొడవునా ఒకే వరుసలో చెమ్మ ఉంటే అది భూమిలోంచి ఎక్కుతున్న తడి. పాత ఇళ్లు చాలావాటికి పునాది మీద తడిని ఆపే పొర వేసి ఉండదు. ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నీరు తనంతట తానే పైకి పాకుతుంది.

మన ఊళ్లలో దీనికి ఇంకో కారణం తోడైంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్త పొర పరుస్తూ పోవడంతో వీధి ఎత్తు పెరిగిపోయింది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లిన ఇళ్లకు ఇప్పుడు ఒకటో రెండో మెట్లే మిగిలాయి. అరుగు కింద గాలికీ ఎండకూ ఆరాల్సిన గోడ భాగం మట్టిలో కూరుకుపోయింది. వానొస్తే వీధి నీళ్లన్నీ దాని పక్కనే నిలుస్తాయి. ఆ గోడకు ఏ రంగు వేసినా ఏం లాభం? ముందు గోడకానుకుని పేరుకున్న మట్టి తీయించాలి. నీళ్లు గోడ నుంచి అవతలికి పారేలా వాలు సరిచేయాలి. గోడ వెంబడి జానెడు వెడల్పున సిమెంటు చేయకుండా కంకర పోసి వదిలేస్తే భూమి అక్కడ ఆరుతుంది. చెమ్మ కనిపించకూడదని గోడ అడుగున నడుమెత్తు టైల్స్ అంటించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆరే దారి మూసుకుపోయి తడి టైల్స్ మీదుగా ఇంకా పైకెక్కుతుంది. రెండేళ్లలో మరక కిటికీ అంచుకు చేరుతుంది.

మీ కిటికీ మీది సన్‌షేడ్‌ను కింది నుంచి ఎప్పుడైనా చూశారా? బాగా కట్టిన వాటికి బయటి అంచుకు కాస్త ఇవతల వేలి వెడల్పున ఒక గాడి ఉంటుంది. వాన నీరు అంచు కింద నుంచి గోడవైపు పాకుతూ వచ్చి ఆ గాడి దగ్గర తెగి చుక్కలుగా కింద పడిపోతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు అది. ప్రతి రంగులోనూ లప్పం, రంగు పొరలు చేరి ఆ గాడి పూడిపోతుంది. నునుపుగా ఉంటే బాగుంటుందని కొందరు కావాలనే పూడ్చేస్తారు. అప్పటి నుంచి కిటికీ పైగోడ ప్రతి వానకూ తడుస్తుంది. పుట్టీ బ్లేడు మూలతో ఆ గాడిని గీకి శుభ్రం చేయించండి. పావుగంట పని.

చెమ్మ తగ్గిందో లేదో తెలియాలంటే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజంతా వదిలేయండి. కాగితం లోపలివైపు నీటి బిందువులు పట్టినా, గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదన్నమాట. రంగుకు తొందరపడొద్దు.

తెల్లటి పొడిని నీళ్లతో కడగొద్దు

గోడ మీద పిండిలా, ఒక్కోసారి దూదిలా తెల్లగా పొంగేది ఉప్పు. మట్టిలోంచి, ఇటుకలోంచి, కట్టినప్పుడు వాడిన ఉప్పునీటి బావి నీళ్లలోంచి వచ్చిన లవణాలు తడిలో కరిగి గోడ పైకి చేరతాయి. నీరు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది. దాన్ని కడిగితే మళ్లీ కరిగి గోడలోకే పోతుంది, ఆరగానే మళ్లీ పొంగుతుంది. పొడి కుంచెతో దులిపి, రాలినదాన్ని ఎత్తి పారేయాలి. వారం తర్వాత మళ్లీ దులపాలి. కొత్తగా పొంగడం ఆగేదాకా ఇంతే.

విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఇంకో రకం ఉప్పు ఉంటుంది. సముద్రపు గాలి మోసుకొచ్చి గోడల మీద, గ్రిల్స్ మీద పరిచిన ఉప్పు. ఇది గోడలోంచి వచ్చింది కాదు, పైన కూర్చున్నది. దీన్ని మాత్రం మంచినీళ్లతో కడగాల్సిందే. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాని మీదే రంగు వేస్తే ఇనుము రంగు కిందే తుప్పు పడుతుంది.

నల్లమరకలు

ఉత్తరపు గోడల మీద, చెట్టు నీడ పడే చోట్ల కనిపించే నలుపు చాలావరకు దుమ్ము కాదు. నాచు, బూజు జాతి జీవులు అవి. చంపకుండా పైన రంగు వేస్తే కొత్త రంగులోంచి మళ్లీ పైకొస్తాయి. బ్లీచింగ్ ద్రావణాన్ని నీళ్లలో కలిపి పూసి, పది పదిహేను నిమిషాలు ఉంచి, కుంచెతో రుద్ది, బాగా కడిగి, ఆరనివ్వాలి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ, బాత్‌రూములు కడిగే ద్రావణాలు గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

త్వరగా అవుతుందని ప్రెషర్ వాషర్ తెప్పించేవాళ్లకు ఒక మాట. గట్టి సిమెంటు గోడకు, కాస్త దూరం నుంచి, పైనుంచి కిందికి అయితే సరే. సున్నపు గోడ మీద ఆ ధార పూతను కోసేస్తుంది, పగుళ్లలోకి బిందెల కొద్దీ నీళ్లు కొడుతుంది. పాత గోడకు మెత్తని బ్రష్షు, బక్కెట్టు నీళ్లు చాలు.

పిట్టగోడ మీద మొలిచిన రావి

పక్షులు రావి, మర్రి, జువ్వి పండ్లు తిని రెట్ట వేసిన చోట గింజ మొలుస్తుంది. ఆకులు నాలుగే కనిపించినా వేరు అప్పటికే ఇటుకల సందుల్లో జానెడు దిగి ఉంటుంది. పైకి లాగితే కాడ తెగి చేతికొస్తుంది, వేరు గోడలోనే మిగిలి ఇంకా బలంగా చిగురిస్తుంది. లేతగా ఉన్నప్పుడే, వానకు గోడ మెత్తబడిన రోజున వేరుతో సహా తీయాలి. ముదిరితే కోసి, కోసిన వెంటనే ఆ పచ్చి మోడుకు కలుపు మందు పూయాలి. వేరు చచ్చాక సందును సున్నంతో నింపాలి. రంగు పనికి ఒకటి రెండు నెలల ముందే ఇది మొదలుపెట్టాల్సి వస్తుంది.

చూరులో పిచ్చుకల గూడు ఉండి దానిలో పిల్లలుంటే ఆ మూల పని కొన్నాళ్లు ఆపండి. అవి ఎగిరిపోయేదాకా గోడ ఆగగలదు.

సీసం: పాత తలుపుల మీది ప్రమాదం

ఈ శీర్షికలో ఒక్క అంశమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

పాత నూనె రంగుల్లో, ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. తెలుపుకు సీసపు కార్బనేటు, మెరిసే పసుపుకు సీసపు క్రోమేటు, ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్లు కొన్నిటిలో సీసపు సింధూరం. సీసపు తెలుపు ప్రమాదమని ప్రపంచానికి తెలియక కాదు. ఇంటి లోపలి పనుల్లో దాని వాడకాన్ని కట్టడి చేస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒక ఒప్పందం చేసింది. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2016 నవంబరులో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు రంగు వేసిన తలుపు, కిటికీ, గ్రిల్, గేటు వేటి మీదైనా సీసం ఉండే అవకాశం ఉంది. వెల్లగోడలతో ఈ బెంగ తక్కువ. మెరిసే నూనె రంగులతోనే ఎక్కువ.

రంగు గోడనో తలుపునో పట్టుకుని ఉన్నంతకాలం అంత ముప్పు లేదు. గీకినప్పుడు లేచే దుమ్ములో ఉంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే పర్వాలేదు అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేల మీద పాకే పిల్లల చేతుల నుంచి నోటికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే పాత తలుపులను పొడిగా గీకకూడదు. నీళ్లు చల్లి తడిపి, నీటిలో వాడే సాండ్ పేపర్‌తో రుద్దాలి. మంటతో కాల్చి రంగు తీసే పద్ధతి అసలు వద్దు, సీసం పొగగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింద దళసరి ప్లాస్టిక్ పట్టా పరచండి. బావికి మూత వేయండి, తులసి కోటను కప్పండి. రాలిన పొలుసులు చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, సంచిలో మూటగట్టి పారేయండి. పని జరిగినన్నాళ్లూ పిల్లలను, గర్భిణులను అక్కడికి రానివ్వకండి. ఏళ్ల తరబడి రంగు రాలిన గోడ మొదట్లో తోటకూర, పాలకూర పెంచకండి, మట్టిలోనూ సీసం చేరి ఉండొచ్చు.

పనిచేసే మనిషి గురించి కూడా ఆలోచించాలి. రోజంతా ఆ దుమ్ములో నిలబడేది ఆయనే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ సన్నని దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు మనమే కొనివ్వాలి. భోజనానికి ముందు చేతులు, మొహం కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ పెట్టాలి. ఆ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటే దుమ్ము ఆ ఇంటికీ చేరుతుంది. బట్టలు మార్చుకునేందుకు చోటివ్వడం మనకు కష్టమేమీ కాదు.

వసారా మీద పాత సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుందనే అనుకోవాలి. వాటిని వైర్ బ్రష్షుతో గీకడం, సాండ్ పేపర్ పట్టడం, ప్రెషర్‌తో కడగడం ఏదీ చేయకండి. ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

గోడ మీద ఎన్ని పొరలు?

అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌కు మొదట వేసింది సున్నపు పూతే. 1798లో, ఇసుకరాయి గోడల్లోకి దిగిన నీరు చలికి గడ్డకట్టి రాయిని పగలగొట్టకుండా ఉండడానికి. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు పొర మీద పొర వేస్తూ పోయారు. 20వ శతాబ్దం చివర్లో పదుల కొద్దీ పొరలను తీసేస్తే, 1814లో బ్రిటిష్ సైన్యం పెట్టిన మంటల మసి అడుగునున్న రాయి మీద కనిపించింది.

మీ ఇంటి చరిత్రా అలాగే చదవొచ్చు. ఎవరికీ కనిపించని మూల రూపాయి బిళ్లంత చోటును తడిపి సాండ్ పేపర్‌తో గుండ్రంగా రుద్దండి. మధ్యలో లోతుగా, అంచులకు తేలికగా. ఒక్కో పొరా ఒక్కో వలయంలా బయటపడుతుంది. మొదట ఆ ఇల్లు ఏ రంగులో ఉండేదో తెలుస్తుంది. నామటుకు నాకు ఆ మొదటి రంగుకే తిరిగి వెళ్లడం ఇష్టం. ఆ తరం వాళ్లు వీధి వెలుగునూ ఎండనూ చూసుకునే ఎంచుకుని ఉంటారు. ఇంకో పరీక్ష కూడా ఉంది. బ్లేడుతో రంగు మీద అడ్డంగా నిలువుగా గళ్లు కోసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. రంగు టేపుతో వచ్చేస్తే ఏ పొర బలహీనమో తెలిసిపోతుంది. దాని మీద ఎంత మంచి రంగు వేసినా ఆ పొరతోపాటే ఊడుతుంది. అరచేతితో రుద్దితే పొడి అంటుతున్నా అంతే, ఆ పొడి పూర్తిగా పోయేదాకా దులపాలి.

గోడను వేళ్లతో తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత ఇటుకను వదిలేసింది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి పెట్టండి, మేస్త్రికి చూపించడానికి.

పగులు బతికే ఉందా?

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద కట్టిన పాత ఇంటి పగుళ్లు ఏడాదిలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అలాంటి పగులును గట్టి లప్పంతో నింపితే మరుసటి ఏడాది దాని పక్కనే కొత్త పగులొస్తుంది. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. వీలైతే ఒక వానాకాలం, ఒక వేసవి చూడండి. గీత దాటి పాకితే అది కదులుతున్న పగులు. సాగే గుణమున్న సీలెంట్‌తో నింపాలి. వేలు పట్టేంత వెడల్పైతే, లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా పెరుగుతూ పోతుంటే రంగు సంగతి పక్కనపెట్టి ఇంజనీరుకు చూపించండి.

బయట గోడకు లోపలి లప్పం వాడితే మొదటి వానకే ఉబ్బుతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కూడా బయట పనికిరాదు. కొత్తగా సిమెంటు పూత వేసిన చోట కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటు పీహెచ్ 12కు పైనే ఉంటుంది. దాని మీద నూనె రంగు వేస్తే ఆ క్షారంలో నూనె అక్షరాలా సబ్బుగా మారి జిగటగా రాలిపోతుంది.

చెక్క, ఇనుము

ఎండకూ వానకూ బూడిద రంగు తిరిగిన చెక్క పైపొర చచ్చినపొర. దాని మీద రంగు నిలవదు. లోపలి అసలు చెక్క కనిపించేదాకా రుద్ది, ఆలస్యం చేయకుండా ప్రైమర్ వేయాలి. రుద్దిన చెక్కను వారాల తరబడి ఎండలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ నీరు తాగేది చెక్క అడ్డకోత. తలుపు కింది అంచు, కిటికీ రెక్క పై అంచు అలాంటివే. కంటికి కనిపించవని వాటికి ఎవరూ రంగు వేయరు. తలుపు అడుగు నుంచి కుళ్లడం మొదలయ్యేది అక్కడే. రెక్క ఊడదీసి ఆ అంచులకు రెండు పూతలు ఎక్కువే వేయించండి.

అవిసె నూనె వాడితే, దానిలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు తమంతట తామే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుముకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సన్‌షేడ్ లోపలి కడ్డీ కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొచ్చేది అందుకే. ఆ పగులును లప్పంతో మూసేస్తే సరిపోదు. వదులైన కాంక్రీటును తీసి, కడ్డీని శుభ్రం చేసి, తుప్పును ఆపే ప్రైమర్ వేశాకే పూడ్చాలి.

ఏ నెలలో, ఏ వేళలో?

తెలంగాణలో నైరుతి వానలు అక్టోబరు నాటికి తగ్గుతాయి. దక్షిణ కోస్తాకు అసలు వానలు అప్పుడే మొదలు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. కోస్తా అంతటికీ తుపాన్ల కాలం కూడా అదే. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది అక్టోబరు 12న. సంక్రాంతికి ఇల్లు తెల్లగా ఉండాలన్న ముచ్చట అందరిదీ. కానీ నెల్లూరు, ప్రకాశం వైపు పాత ఇళ్లకు బయటి రంగు సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరి మార్చిల్లో వేయించడం మేలు. పండగకు అరుగు, గుమ్మం వెల్ల వేసుకుంటే చాలు.

రోజులో ఎండ వెనకే నడవాలి. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ. గోడ మీద అరచెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే కుంచె ఎత్తకండి. శీతాకాలంలో మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, సాయంత్రం మంచు పడేలోపు ఆ పూత ఆరేలా ముగించాలి.

లెక్క ఎలా మాట్లాడాలి?

రంగుల పనికి కూలి ఎక్కువగా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడతారు. అంటే పూసినదానికే డబ్బు. గీకినదానికి, దులిపినదానికి, ఆరేదాకా ఆగినదానికి ఏమీ లేదు. అలాంటప్పుడు గీకుడు తొందరగా ముగించమని ఆ లెక్కే మనిషిని తోస్తుంది. తప్పు ఆయనది అనలేం. తయారీ పనిని రోజుకూలి మీద విడిగా మాట్లాడండి. గీకడం, దులపడం, కడగడం, డొల్ల పూత తీసి మాటు వేయడం అన్నీ అందులో రాయండి. పరంజా కట్టే ముందు ఇంటికొచ్చే కరెంటు తీగ ఎటు పోతోందో చూసి, దగ్గరగా ఉంటే కరెంటు ఆఫీసుకు చెప్పి ఆ పూట సరఫరా ఆపించండి. అల్యూమినియం నిచ్చెన ఆ తీగ దరిదాపులకు పోకూడదు. తయారీ పూర్తయ్యాక ప్రైమర్ వేయకముందే మీరే ఒకసారి గోడ చుట్టూ తిరిగి, తట్టి, రుద్ది, పాలిథిన్ అంటించి చూసుకోండి. రంగు డబ్బాలు కొనాల్సింది ఆ తర్వాతే.